పన్నెండో గుండ్రం

బస్సు దిగకముందే పిన్ని ఆయన చేత ఒట్టు వేయించింది.

"మూడు రోజులండీ. మూడంటే మూడే. మీ వేషాలన్నీ మూటగట్టి ఇంట్లో పెట్టి తాళం వేశామనుకోండి. పిల్ల ఉద్యోగం చేసే చోటది. అక్కడ పరువు తీశారో, తిరుగు బస్సులో మీ పక్కన కూడా కూర్చోను."

"ఇప్పుడు నేనేం చేశానే?" అన్నాడు తాపీ బాబాయి.

"ఇంకా చెయ్యలేదనే కదా ఒట్టు! వెయ్యండి."

వేశాడు. వేసి, ఆవిడ క్యారేజీలోంచి తీసిచ్చిన ఉడికిన గుడ్డుని నుదుటి మీద టప్పున కొట్టుకుని పెంకు వలిచాడు. ఆయన గుడ్డెప్పుడూ అలాగే పగలగొడతాడు. అంత తల పెట్టుకుని రాయి వెతుక్కోవడం దేనికంటాడు.

క్యారేజీ మాత్రం ఆయన చేతికివ్వదు పిన్ని. అది నాలుగు గిన్నెల సత్తు క్యారేజీ. పదహారేళ్ళ కిందట ఆయన పని నుంచి వస్తూ ఖాళీ గిన్నెలో ఒక కప్పని కూర్చోబెట్టి తెచ్చాడు. కడగడానికి మూత తీసిన పిన్ని ఒళ్ళోకి కప్ప, గడప మీదకి మూత ఒకేసారి దూకాయి. కప్ప ఏమైందో తెలీదు గానీ మూత అంచుకి నొక్కు పడింది. ఆ రోజు నుంచీ, పనికి భోజనం కట్టినప్పుడు తప్ప, క్యారేజీ మీద ఆయన చెయ్యి పడకుండా కాపలా కాస్తోంది.

ముప్పై ఐదేళ్ళు తాపీ పట్టి గోడలకి సున్నపు గార పూసిన మనిషి. చేతిపనిలో ఎంత నిఖార్సో, నోటిమాటలో అంత అనుమానం. రేపు కుళాయి రాదని ఒకసారి పక్కింటాయనతో సరదాకి చెబితే, ఆయన బిందెలు, బకెట్లు, ఆఖరికి పూలకుండీలు కూడా నింపుకున్నాడు. తర్వాత నెల నిజంగానే కుళాయి ఆగింది. ఈయన గుమ్మంలో నిలబడి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పినా వీధిలో ఒక్కరు చెంబు నింపలేదు. మర్నాడు వీధి వీధంతా మొహం కడుక్కోకుండా వచ్చి ఈయన్నే తిట్టింది.

పాత కట్టడాలని బాగుచేసి పెట్టిన హోటలది. గేటు దగ్గర పిచ్చుక ఎదురొచ్చింది. పిచ్చుకంటే ఆయన అన్నగారి కూతురు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా నిలబడేది కాదని ఆయనే పెట్టిన పేరు. ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, వచ్చిన అతిథులకి ఆ పాత కట్టడాల కథ చెప్పే ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగులకిచ్చే లెక్కలో తన వాటాకి వచ్చే మూడు రోజుల బస తను వాడుకోకుండా పిన్నికీ బాబాయికీ ఇచ్చింది.

"బాబాయ్, ముందే చెప్తున్నా. ఇక్కడ మా మేడం చాలా స్ట్రిక్టు."

"నేనే ఒట్టు మీద ఉన్నానే తల్లీ. మీ మేడాన్ని భయపడొద్దను."

వాళ్ళకిచ్చిన గది ఒకప్పుడు గుర్రాలశాల. గుర్రాన్ని కట్టేసే ఇనపకడియం ఇంకా గోడకే ఉంది. పిన్ని దానికి తువ్వాలు తగిలించి, "పోనీలే, మిమ్మల్ని కట్టేయడానికి పనికొస్తుంది" అంది. మంచం మెత్తగా ఉంది. కిటికీ బయట గడ్డి మైదానం, దూరంగా చెరుకుతోటంత ఎత్తున పూలమొక్కలు. బాబాయి బూట్లు విప్పి, మంచం మీద రెండుసార్లు ఎగిరి కూర్చుని, "ఏమే, గుర్రాలు మనకంటే సుఖపడ్డాయే" అన్నాడు.

అంతా బాగానే ఉంది గానీ, గేటు దాటినప్పటి నుంచీ ఆయనకి ఈ చోటు ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో మాత్రం అందడం లేదు.

నాలుగింటికి పిచ్చుక అతిథులందరినీ వెంటేసుకుని కట్టడాలు చూపించడానికి బయల్దేరింది. పిన్ని మోకాళ్ళు నొప్పని గదిలోనే ఉండిపోయింది. బాబాయి వెళ్ళాడు. పిండిమర చూశారు, బావి చూశారు. తర్వాత పాత ధాన్యపు కొట్టులోకి అడుగు పెట్టారు. పొడుగాటి గది, ఎత్తు కప్పు, పైన చిన్న చిన్న గాలికిటికీలు. ఎదురుగోడ పాలమీగడలా నున్నగా మెరుస్తోంది. ఆ గోడ ముందు తాడు కట్టి, చిన్న దీపం పెట్టి, బోర్డు నిలబెట్టారు.

"ఇదే మా హోటల్‌కి ప్రాణం. మూడొందల ఏళ్ళ కిందటి గార ఇది. ఈ గుండ్రాలు చూడండి, సరిగ్గా పదకొండు. ప్రతి గుండ్రానికీ అంచున ఒక నొక్కు ఉంది, ఒక్కోదానికి ఒక్కో దిక్కున. అప్పటివాళ్ళు ఏ నెలలో గాలి ఎటు నుంచి వస్తుందో ఇలా గుర్తు పెట్టుకున్నారు. ఆ గాలిని బట్టి పైన కిటికీలు తెరిచి ధాన్యం ఆరబెట్టేవాళ్ళు" అంది పిచ్చుక, మొహం వెలిగిపోతుంటే.

"మరి పన్నెండో నెల?" అని ఎవరో అడిగారు.

"ఆ నెల కొట్టు ఖాళీ చేసి మూసేసేవాళ్ళు. అందుకే పన్నెండో గుండ్రం లేదు."

అందరూ "అబ్బ!" అన్నారు. బాబాయి నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

పన్నెండో గుండ్రం ఎందుకు లేదో ఆయనకి తెలుసు. అది వేసేలోపు కంట్రాక్టరు వచ్చేశాడు.

పధ్నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడీ చోటుకి తోటా లేదు, ముందు గేటూ లేదు. లారీ వెనక కూర్చోబెట్టి, వెనక దారిన తెచ్చి, కప్పులేని కొట్లో దింపారు. పాత గారని పాతగానే కాపాడతానని కంట్రాక్టరు హోటలువాళ్ళకి మాట ఇచ్చాడు. రెండు వానలకి గార మొత్తం జారి నేలపాలైంది. గుట్టుచప్పుడు కాకుండా మళ్ళీ పాతపద్ధతిలోనే పూయాలని బాబాయి జట్టుని పిలిచారు. ఇరవై రోజుల పని. నెలల తరబడి నానిన సున్నాన్ని తెప్పించి, సన్నగా నూరి, పైపూతలో గుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్దాలి. తెల్లసొన గోడకి, పచ్చసొన పనివాళ్ళకి. ఆఖరి రోజు భోజనం అయ్యాక, ఆ అద్దం లాంటి తడిగోడ చూస్తే బాబాయికి చేతులు ఊరుకోలేదు. క్యారేజీ మూత తీసి అద్దడం మొదలుపెట్టాడు. మర్నాడు కంట్రాక్టరు చూసి గుండె పట్టుకోవాలి, అంతే. పదకొండోది అద్దుతుంటే ఆయనే వచ్చి వెనక నిలబడ్డాడు. మూత చటుక్కున చొక్కాలోకి దోపి, "అయ్యగారూ, రుద్దుతుంటే లోపల్నుంచి పాతగుర్తులేవో తేలుతున్నాయండీ" అన్నాడు బాబాయి. కంట్రాక్టరు గోడని చూసి, ఈయన్ని చూసి, "తేలనీ. ఇంక చెయ్యి పెట్టకు. గార పాతదేనని చెప్పుకోవడానికి ఇదే సాక్ష్యం" అన్నాడు.

బాబాయి ఆ సంగతి మర్చిపోయాడు. గోడ మర్చిపోలేదు.

అతిథులు వెళ్ళాక, బోర్డు రాసిందెవరని అడిగాడు.

"నేనే బాబాయ్! రెండేళ్ళు కూర్చుని ఆలోచించి రాశాను. పాత కొట్ల మీద పెద్ద పుస్తకం రాస్తున్న ప్రొఫెసర్ గారు రేపు పదింటికి వస్తున్నారు. గోడ చూసి బాగుందంటే నా వ్యాసం ఆయన పుస్తకంలో వేస్తారు. నా పేరుతో! నా పేరు అచ్చులో పడటం నీకు తెలుసుగా, చిన్నప్పటి నుంచీ నా కల."

బాబాయికి ఇంకోటి కూడా తెలుసు. పిచ్చుకకి ఆరేళ్ళప్పుడు, గుంటలో కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే బుసబుసా పొగలు లేచాయి. "ఏంటది బాబాయ్?" అంటే, "మబ్బు వండుతున్నానే" అన్నాడు. ఆ పిచ్చిది బళ్ళో మబ్బులెలా పుడతాయని అడిగితే లేచి నిలబడి, "మా బాబాయి వండుతాడు" అని చెప్పింది. ఏడాదంతా పిల్లలు దాన్ని మబ్బులపిల్లా అని ఏడిపించారు. ఇంటికొచ్చి ఏడుస్తూ అడిగింది, "నిజం కాదని ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్?" అని. ఆ మాట ఆయన లోపల ముల్లులా ఇంకా అలాగే ఉంది. ఈసారి నవ్వేది ఒక తరగతి కాదు, పుస్తకం చదివే లోకం.

అందుకని ఆ సాయంత్రమే, భోజనాల బల్ల దగ్గర, సూపు చల్లారిపోతున్నా ముట్టకుండా మొదలుపెట్టాడు.

"పిచ్చుకా, ఆ గుండ్రాలు నేను పెట్టినవే."

పిచ్చుక స్పూను ఆపి ఆయన్ని చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. "సూపర్ బాబాయ్! ఇంత త్వరగానా? కనీసం రాత్రి గడుస్తుందనుకున్నా."

"నిజమే! మీ పిన్ని క్యారేజీ మూతతో!"

"క్యారేజీ మూతా! మబ్బు గుర్తుందిగా బాబాయ్? నేనింకా ఆరేళ్ళ పిల్లని కాదు."

పిన్ని మొహం సూపు కంటే వేడెక్కింది. "ఒట్టు తీసి గట్టున పెట్టేశారా అప్పుడే? పిల్ల పెట్టుకున్న ఆశ మీదా మీ ఎగతాళి?"

"కాదే, ఒకసారి ఆ మూత ఇవ్వు, చూపిస్తా."

"మూతా? మీ చేతికా?" పిన్ని క్యారేజీని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చచ్చినా ఇవ్వను."

పొద్దున్నే బాబాయి పిచ్చుక వాళ్ళ మేడం, అంటే హోటలు యజమానురాలి గది తలుపు కొట్టాడు. ఆవిడ పొట్టిగా, చురుగ్గా, కళ్ళద్దాలు గొలుసుకి వేలాడదీసుకుని ఉంటుంది. ఆయన చెప్పినదంతా కదలకుండా విని, చివర్లో కళ్ళు తుడుచుకుంది. ఏడ్చిందనుకున్నాడు. నవ్వి నవ్వి తుడుచుకుంది.

"మీరు వస్తారని మీ అమ్మాయి ముందే చెప్పిందండీ. మా బాబాయి ఏదో ఒకటి చెప్తాడు మేడం, నమ్మకండి అని. కానీ ఇంత బాగా చెప్తారనుకోలేదు! కంట్రాక్టరు వెనక నిలబడ్డాడు చూడండి, ఆ ముక్క అద్భుతం. కాఫీ తాగుతారా?"

బాబాయి కాఫీ తాగలేదు. నడుచుకుంటూ గదికొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. తొమ్మిదిన్నర అయింది. పిన్ని ఇనపకడియం నుంచి తువ్వాలు తీస్తూ వెనక్కి తిరిగి చూసింది. ఆయన కనుబొమలు ఎగరడం లేదు. మూతి పక్కన ఆ వంకర నవ్వు లేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలని చూస్తున్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"ఏవండీ! ఒంట్లో ఎలా ఉంది? గుండెల్లో నొప్పా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

"ఏం లేదే" అన్నాడు నెమ్మదిగా. "నేను ఇన్నాళ్ళూ అందర్నీ నవ్వించాననుకున్నాను. తీరా ఒక నిజం చెప్పాల్సి వస్తే నా దగ్గర చిల్లిగవ్వంత నమ్మకం మిగల్లేదు. పిల్ల మళ్ళీ నా వల్లే నవ్వులపాలవుతుంది. నువ్వు నమ్మక్కర్లేదు. ఒక్కసారి ఆ గోడ దాకా వచ్చి నీ కళ్ళతో చూడు. చూశాక అబద్ధమంటే, నన్ను ఈ కడియానికి కట్టేసి నువ్వు బస్సెక్కు."

పిన్ని మోకాళ్ళ నొప్పి మర్చిపోయింది. ఎందుకైనా మంచిదని క్యారేజీ చంకనేసుకుంది. మనిషికి నీరసమైతే ఏదో ఒకటి పెట్టాలి కదా!

వాళ్ళు వెళ్ళేసరికి కొట్లో ప్రొఫెసరు గారు అప్పటికే వచ్చేశారు. సన్నగా, పొడుగ్గా, భూతద్దంతో గోడకి ముక్కు ఆనించేశారు. పక్కన పిచ్చుక వ్యాసం కాగితాలు గుండెకి హత్తుకుని నిలబడింది. వాళ్ళ వెనక యజమానురాలు.

"అద్భుతం" అంటున్నారు ప్రొఫెసరు. "ఈ నునుపు చూడండి! ఇప్పుడెవరికి చేతనవుతుంది ఇలాంటి పని?"

బాబాయిని చూడగానే పిచ్చుక కళ్ళతోనే బతిమాలింది: వద్దు బాబాయ్, ఇప్పుడొద్దు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

ముందుకెళ్ళింది పిన్ని. తాడు దగ్గర వంగి, కళ్ళు చిట్లించి, ఒక గుండ్రాన్ని చూసింది. దాని పక్కదాన్ని చూసింది. మూడోదాన్ని చూసేసరికి ఆవిడ మెడ నిటారైంది.

"ఈ నొక్కు నాదే" అంది.

"ఏంటండీ?" అన్నారు ప్రొఫెసరు.

"ఈ నొక్కు నాదేనండీ! నా చేతుల్లోంచి ఎగిరి గడప మీద పడి అయిన నొక్కు! రోజూ తోముతున్నాను, నాకు తెలీదా?"

అని తాడు దాటేసి, ఎవరైనా ఆపేలోపు క్యారేజీ కొక్కెం విప్పి, మూత తీసి మొదటి గుండ్రం మీద పెట్టింది. కొద్దిగా తిప్పింది. మూత అంచు గోడలో ఒదిగిపోయింది, నొక్కుతో సహా. రెండో దాని మీద పెట్టి, తిప్పింది. ఒదిగింది. మూడు. నాలుగు. పదకొండోది అయ్యాక పిన్ని మూత చేత్తో పట్టుకుని, గుమ్మంలో ఉన్న మొగుడి వైపు తిరిగింది.

"అయితే నిజమేనా? జన్మలో ఒక్కసారి నిజం చెప్పారా?"

"చెప్పానే. అలవాటు లేక కుదర్లేదు" అన్నాడు బాబాయి.

పిచ్చుక చేతిలోంచి కాగితాలు జారి నేల మీద పరుచుకున్నాయి. బాబాయి గబగబా వచ్చి, వంగి ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి చేతికిచ్చాడు.

"మబ్బప్పుడు ముందే చెప్పలేదు తల్లీ. ఈసారి చెప్పాలనుకున్నా."

పిచ్చుక పెదవి వణికింది. ఏడుస్తుందేమోనని బాబాయి తువ్వాలు కోసం చూసుకున్నాడు. కానీ అది ముక్కు ఎగబీల్చి, "గాలి దిక్కులు!" అంది. "రెండేళ్ళు బాబాయ్! రెండేళ్ళు నేను పిన్ని క్యారేజీ మూత మీద పరిశోధన చేశాను!" అంటూనే నవ్వు మొదలైంది. ఆపుకోలేక గోడకే ఆనుకుంది. దాని వెనకే యజమానురాలు ఒకసారి నవ్వబోయి, మానేసి, "నా బోర్డు! నా కరపత్రాలు! వాటి మీదంతా ఈ గుండ్రాలే!" అని తల పట్టుకుంది.

ప్రొఫెసరు మాత్రం నవ్వలేదు. భూతద్దం జేబులో పెట్టుకుని బాబాయి చెయ్యి పట్టుకున్నారు. అరచెయ్యి తిప్పి చూశారు. సున్నానికి కాలి, పగిలి, మళ్ళీ నున్నబడిన చెయ్యి.

"పెద్దాయనా, నేను పాతికేళ్ళుగా గోడలే చూస్తున్నాను. మూడొందల ఏళ్ళ గారకీ మీ గారకీ తేడా కనిపెట్టలేకపోయాను. తప్పు నా కళ్ళది కాదు, గొప్ప మీ చేతిదనే చెప్పుకుంటాను. ఇందులో ఏం కలిపారు?"

"గుడ్డు తెల్లసొన అయ్యా. పచ్చసొన మేమే తినేశాం."

"ఇంకా?"

"ఇంకా అంటే, చాలా ఉంది. చెప్తే సాయంత్రం అవుతుంది."

"అవనీయండి" అని ఆయన పిచ్చుక వైపు తిరిగారు. "అమ్మాయీ, గుండ్రాల వ్యాసం పక్కన పెట్టు. ఈయన చెప్పేది ఒక్క ముక్క వదలకుండా రాసుకో. ఇలా పూయడం తెలిసినవాళ్ళ కోసం నేను ఊళ్ళన్నీ తిరిగాను, ఒక్కరు దొరకలేదు. నా పుస్తకంలో ఆ వ్యాసమే వేస్తాను. నీ పేరుతో."

"ఈయన చెప్పేదంతానా సార్?" అంది పిచ్చుక అనుమానంగా.

"నేను పక్కనే కూర్చుంటాలే" అంది పిన్ని. "ఎక్కడ కోతలు కోస్తే అక్కడ గిల్లుతాను."

అలా సెలవుకని వచ్చిన రెండో రోజంతా బాబాయి నోటికి, పిచ్చుక కలానికి పని పడింది. పిన్ని మొత్తం మీద మూడుసార్లే గిల్లాల్సి వచ్చింది. మూడో రోజు చేతికి కూడా పని తగిలింది. ఎందుకంటే యజమానురాలు రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే గుర్రాలశాల తలుపు కొట్టింది.

"మీ వేళాకోళం వల్ల నాకు కథ పోయింది. కాబట్టి కొత్త కథ మీరే ఇవ్వాలి. ఆ గోడ చివర, తలుపు పక్కన, జానెడు మేర గార పెచ్చు లేచింది. నా దగ్గర నానిన సున్నం ఉంది. అతిథులు చూస్తుండగా పూస్తారా?"

"విశ్రాంతికి వచ్చామండీ!" అంది పిన్ని. అప్పటికే బాబాయి చొక్కా చేతులు మడిచేశాడు.

కొట్టు నిండా జనం. పిచ్చుక తాడు పక్కన నిలబడి, ముందు తనే తన పాత బోర్డు చదివి వినిపించి, గాలి దిక్కుల దగ్గర తనే ముందు నవ్వి, తర్వాత అసలు సంగతి చెప్పింది. కప్ప దగ్గర జనం పొట్ట పట్టుకున్నారు. బాబాయి అవేవీ వినడం లేదు. తాపీ పట్టుకున్నాక ఆయనకి లోకం వినపడదు. ఒక పూత, దాని మీద ఇంకో పూత, పైన తెల్లసొన పూత, రాయితో రుద్దుడు. ఆ జానెడు జాగా మెల్లగా మెరవడం మొదలైంది. పెద్దగోడకీ దానికీ అతుకు ఎక్కడుందో దగ్గరగా చూసినవాళ్ళకి కూడా దొరకలేదు.

పూత అయ్యాక ఆయన మోకాళ్ళ మీదే పక్కకి జరిగి, "ఏమే, మూత" అన్నాడు.

పిన్ని మూత ఇచ్చింది. ఆయన చేతికి కాదు, పిచ్చుకకి. పిచ్చుక నాలిక కరుచుకుని, రెండు చేతులా పట్టుకుని, తడిగార మీద మెత్తగా అద్ది తీసింది. పన్నెండో గుండ్రం పడింది, నొక్కు సరిగ్గా తలుపు వైపుకి.

"ఈ నెలలో గాలి గుమ్మంలోంచి వస్తుందన్నమాట" అన్నారు ప్రొఫెసరు. అప్పుడు నవ్వారాయన, మొదటిసారి.

నాలుగో రోజు పొద్దున్న బస్సులో పిన్ని ఆయన పక్కనే కూర్చుంది. కిటికీ సీటు కూడా ఆయనకే వదిలేసింది. బస్సు మలుపు తిరిగి కొట్లు కనుమరుగయ్యాక క్యారేజీ తెరిచి, చాలా ప్రేమగా ఒక గుడ్డు చేతిలో పెట్టింది.

"తినండి. మూడు రోజులు మాట నిలబెట్టుకున్నారు. నాకెంత గర్వంగా ఉందో!"

బాబాయి పొంగిపోయాడు. గుడ్డుని పైకెత్తి, వెనక సీటువాళ్ళకి కూడా కనపడేలా, నుదుటి మీద టప్పున కొట్టుకున్నాడు.

చల్లగా తగిలింది. తర్వాత కనుబొమల మీదుగా, ముక్కు పక్క నుంచి, మీసంలోకి పచ్చసొన నెమ్మదిగా దిగింది.

బస్సంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. డ్రైవరు అద్దంలో చూసి హారన్ కొట్టాడు.

"ఏమే! ఇది పచ్చిగుడ్డే!"

"తెల్లసొన గోడకి, పచ్చసొన మీకు" అంది పిన్ని చేతిరుమాలు అందిస్తూ. "ఒట్టు వేసింది మీరండీ. నేను కాదు."